పెట్టె బరువెంత? ఓ వీరాభిమాని అభ్యంతరాలు

చిన్నప్పుడు నిద్రాహారాలు మాన్పించి మరీ చదివించిన రచయితలకి మన పట్ల ఒక బాధ్యత ఉంటుంది. మనం పెద్దయ్యాక వాళ్లు రాయడం మానెయ్యాలి. అది చేతకాకపోతే పాత పుస్తకాన్నే అట్ట మార్చి మళ్లీ వెయ్యాలి. ఈ రెండూ కాదని, డెబ్బై దాటిన వయసులో తగుదునమ్మా అంటూ టీనేజీ పిల్లల కోసం కొత్తగా ఓ సాహస నవల రాసి జనం మీదికి వదిలితే, నాలాంటి వీరాభిమాని చేతులు కట్టుకుని కూర్చోవాలా? కూర్చోలేదు. పెన్సిల్ పట్టుకుని కూర్చున్నాను.

రచయిత పేరు, పుస్తకం పేరు చెప్పను. ఆయన్ని ఎవరేమన్నా అభిమానులు మీదపడి రక్కుతారు. ఆ సంగతి నాకు బాగా తెలుసు, రక్కినవాళ్లలో నేనూ ఉన్నాను. పైగా కడుపు చించుకుంటే కాళ్ల మీదే పడుతుందంటారు. అయినా బాలసాహిత్యం బాగు కోసం చించుకోక తప్పడం లేదు.

కథ ఇది. పద్నాలుగేళ్ల పిల్లకి చనిపోయిన తాతగారి డైరీ అట్ట లోపల ఓ మ్యాపు దొరుకుతుంది. తమ్ముణ్ణి వెంటేసుకుని పడవలో ఓ దీవికి పోతుంది. దీవిలో గుహ, గుహలో పెట్టె, పెట్టె కోసం వెనకాలే చేతులకి గ్లోవ్స్ వేసుకున్న ఓ పెద్దమనిషి. ఆయన ఎండలో కూడా గ్లోవ్స్ తియ్యడు. ఎందుకు తియ్యడో 212వ పేజీలో తెలుస్తుంది. నేను 40వ పేజీలోనే ఊహించాను, నా ఊహ తప్పని తేలింది. ఇది రచయిత నన్ను కావాలని దారి తప్పించడమే కాబట్టి మొదటి అభ్యంతరం కింద నమోదు చేస్తున్నాను.

రెండోది సముద్రానికి సంబంధించింది. సోమవారం సాయంత్రం నాలుగింటికి పోటొచ్చి గుహ మునిగిపోతుంది. బాగానే ఉంది. గురువారం సాయంత్రం నాలుగింటికి మళ్లీ మునిగిపోతుంది, పిల్లలు లోపల ఇరుక్కుంటారు, అధ్యాయం అక్కడ ఆగుతుంది, చదివేవాడి గుండె కూడా ఆగాలని ఆశ. నాకు ఆగలేదు. ఒక పోటుకీ ఇంకో పోటుకీ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలుంటుంది, అంటే రోజుకి దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది. సోమవారం నాలుగింటికి వచ్చిన పోటు గురువారానికి ఆరున్నరకి రావాలి. అంటే పిల్లలకి ఇంకా రెండున్నర గంటల టైముంది! హాయిగా బయటికి నడిచొచ్చి, కాళ్లకంటిన ఇసుక దులుపుకుని, కావాలంటే ఓ కునుకు కూడా తియ్యొచ్చు. వాళ్లు మాత్రం గోడ పట్టుకుని ఒకటే కంగారు. చంద్రుడు తన పని తాను చేసుకుపోతుంటే రచయిత ఆయన్ని ఇలా ఇబ్బంది పెట్టడం పద్ధతి కాదు.

ఇక పెట్టె. దీన్ని నేను ఊరికే వదల్లేను. పొడవు అరమీటరు, వెడల్పు ఎత్తు ముప్ఫై సెంటీమీటర్ల చొప్పున అని రచయితే రాశాడు, నేనేం కల్పించలేదు. నిండా బంగారు నాణేలట. లెక్క కడితే 45 లీటర్ల పెట్టె. బంగారం ఘన సెంటీమీటరుకి 19.3 గ్రాములు తూగుతుంది. గట్టిగా పోతపోస్తే 868 కిలోలు. నాణేల మధ్య ఖాళీలు ఉంటాయి కదా అని ఉదారంగా సగం తీసేశాను (అభిమానిని కదా), అయినా 430 కిలోల పైనే తేలింది. దీన్ని పద్నాలుగేళ్ల అక్క, పదకొండేళ్ల తమ్ముడు చెరోవైపూ పట్టుకుని పరుగెత్తారు. నడవడం కాదు, పరుగు! పరుగెత్తి తెడ్డేసే చిన్న పడవలో పెట్టారు. పడవ మునగలేదు సరికదా, గ్లోవ్స్ పెద్దమనిషి మోటారు బోటుకి అందలేదు కూడా. ఈ పిల్లలు ఇలా దీవుల వెంట తిరుగుతూ వయసు పాడుచేసుకుంటున్నారు గానీ వెయిట్ లిఫ్టింగ్‌లో పెడితే దేశానికి పేరొచ్చేది.

కోడిగుడ్డు మీద ఈకలు పీకుతున్నానని మీలో కొందరు గొణుక్కుంటున్నారు. వినపడింది. ఈకలు పీకడానికి గొప్ప వంశచరిత్రే ఉంది. 1895లో అమెరికన్ రచయిత మార్క్ ట్వేన్ ఓ వ్యాసం రాసి, తనకంటే ముందుతరం రచయిత ఫెనిమోర్ కూపర్ సాహస నవలలో ఒకే చోట, పేజీలో మూడింట రెండొంతుల జాగాలో, 115 తప్పులకి అవకాశముంటే 114 చేశాడని తేల్చేశాడు. నిశ్శబ్దంగా ఉండాల్సిన ప్రతి సందర్భంలోనూ కూపర్ పాత్రలు వెతికి మరీ ఎండుపుల్ల మీద కాలేస్తాయని ఆయన ఫిర్యాదు. అంత నిక్కచ్చి మనిషి అంతకుముందు ఏడాదే తన కథల్లోని కుర్రాడు టామ్ సాయర్‌ని బెలూన్ ఎక్కించి అట్లాంటిక్ దాటించి సహారా ఎడారి మీద తిప్పాడు. అది వేరే విషయం. విమర్శకుడిగా ఉన్నప్పుడు మనం రాసినవి మనం చదువుకోకూడదు.

ఫోన్ గురించి కూడా చెప్పాలి. ఈ కాలం సాహస నవలలో మొట్టమొదట బలయ్యేది మనిషి కాదు, ఫోన్. అది బతికుంటే కథ ఉండదు. దారి తప్పితే మ్యాపు చూసుకుంటారు, దొంగ కనపడితే వీడియో తీస్తారు, ఆపదొస్తే అమ్మకి ఫోన్ కొడతారు, పుస్తకం పదకొండో పేజీలో అయిపోతుంది. అందుకని మా రచయిత రెండో అధ్యాయంలోనే ఆ పిల్ల ఫోన్‌ని మోకాలిలోతు నీళ్లలో పడేసి చంపేశాడు. ఇప్పుడొచ్చే ఖరీదైన ఫోన్లు మీటరున్నర లోతులో అరగంట నానినా పనిచేసేలా తయారవుతున్నాయి, ఆ సంగతి ఆయనకెవరైనా చెప్పాలి. తమ్ముడి ఫోన్‌కైతే చార్జింగ్ లేదు. పదకొండేళ్ల పిల్లాడి ఫోన్‌లో చార్జింగ్ ఉండకపోవడం ఒక్కటే ఈ నవలలో నేను పూర్తిగా నమ్మిన విషయం.

తల్లిదండ్రుల సంగతి త్వరగా ముగిస్తాను, ఎందుకంటే రచయిత కూడా అంతే త్వరగా ముగించాడు. నాన్న తవ్వకాల పని మీద వెళ్లాడు, అమ్మకి ఏదో సదస్సు. పిల్లలు అయిదు రోజులు కనపడకపోతే చివర్లో ఆవిడ అడిగిన ఒకే ఒక ప్రశ్న, "అంత నల్లబడ్డారేంట్రా?"

ఇన్ని లోపాలున్నా నిజాయితీగా ఒక మాట చెప్పాలి కాబట్టి చెబుతున్నాను. గుహలో ఓ నాలుగు పేజీలున్నాయి. టార్చి వెలుగు పసుపు తిరిగి సన్నబడిపోతుంటుంది. తమ్ముడు ఏడవడం మానేసి ఎక్కిళ్లు పెడుతుంటాడు. పైనుంచి ఓ చుక్క ఆ పిల్ల చెంప మీద పడుతుంది. వేలితో తీసుకుని నాలిక మీద పెట్టుకుంటుంది. ఉప్పగా లేదు. ఇంకో చుక్క కోసం చెయ్యి చాపి అలాగే నిలబడుతుంది. అదీ ఉప్పగా లేదు. సముద్రం నీళ్లయితే ఉప్పగా ఉండాలి, ఇవి వాననీళ్లు, అంటే పైన ఎక్కడో నేల ఉంది, నేలకి ఓ చిల్లు ఉంది. ఇదంతా రచయిత చెప్పడు, ఆ పిల్లా అనదు. తమ్ముడి చెయ్యి పట్టుకుని "నోరు తెరువు" అంటుంది, అంతే. ఈ నాలుగు పేజీల్లో నా పెన్సిల్ గీత ఒక్కటీ లేదు. గదిలో లైటు సరిగ్గా లేకపోవడం వల్ల అయ్యుండొచ్చు.

అయినా ఆయన పాత పుస్తకం దగ్గర ఇది దిగదుడుపే. ఆహా, ఆ పుస్తకం! అందులో మూడు నదులు కలిసేచోట ఒంటికన్ను పడవవాడు ఉంటాడు, కోట గోడలో పాట పాడితే తెరుచుకునే తలుపుంటుంది, ప్రతి పేజీ ఓ అద్భుతం. నా మిత్రుడొకడు, ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకం, పడవవాడు ఆ రచయిత పుస్తకంలోవాడే కాదని, తలుపు ఇంకెవరిదో కథలోదని, పాత నవల పిల్లలు మోసిన పెట్టె ఇంతకంటే పెద్దదని వాదించాడు. పోలిక సరిగ్గా ఉండాలంటే తిరిగి చదవమన్నాడు. ససేమిరా చదవను. చదివితే నా నిష్పాక్షికత దెబ్బతింటుంది.

నా బాధ అర్థం కావాలంటే కథల్లోని టీనేజీ డిటెక్టివ్ నాన్సీ డ్రూ అభిమానుల్ని చూడండి, ఎంత అదృష్టవంతులో. 1930లో మొదలైన ఆ నవలల అట్ట మీద రచయిత్రి పేరు కెరొలిన్ కీన్ అని ఉంటుంది. అలాంటి మనిషే లేదు! ఎడ్వర్డ్ స్ట్రేట్‌మయర్ పెట్టిన సంస్థ కథ అవుట్‌లైన్ ఇచ్చి వేర్వేరు వాళ్ల చేత రాయించి, అందరికీ కలిపి ఆ ఒక్క పేరు తగిలించేది. లేని మనిషి ముసలితనంలో కొత్త ప్రయోగాలు చెయ్యదు. 1959 నుంచి పాత నవలల్ని తిరగరాయిస్తూ పదహారేళ్ల నాన్సీని పద్దెనిమిదేళ్లదాన్ని చేశారు, అంటే 29 ఏళ్లలో రెండేళ్లు పెరిగింది. అదీ క్రమశిక్షణ. ఎనిడ్ బ్లైటన్ కూడా తక్కువ తినలేదు, నలుగురు పిల్లలు, ఓ కుక్క ఉన్న ఫేమస్ ఫైవ్ బృందాన్ని 1942 నుంచి 1963 దాకా 21 నవలల్లో సెలవుల మీద సెలవులకి పంపింది. చివరి పుస్తకంలో కూడా కుక్క హుషారుగా పరుగెడుతూనే ఉంది. నేను కోరుకునేది కూడా ఇదే. ఎవరూ పెరగకూడదు, మొదట రచయిత.

కానీ ఈ జబ్బుకి మూలం రచయితలు కాదు, వాళ్లకి వంతపాడే పెద్దలు. 1881లో స్కాట్లండ్‌లో వానలు ఇల్లు కదలనివ్వని రోజుల్లో, రాబర్ట్ లూయీ స్టీవెన్సన్ బడికెళ్లే సవతి కొడుకుతో కలిసి రంగులేసుకుంటూ ఓ దీవి మ్యాపు గీశాడు. అందులోంచి ట్రెజర్ ఐలండ్ అనే సాహస నవల పుట్టింది. అక్కడిదాకా క్షమించొచ్చు. ఆయన తండ్రి థామస్ స్టీవెన్సన్ లైట్‌హౌసులు కట్టిన ఇంజినీరు, అప్పటికి వయసు అరవై దాటింది. రాళ్లు, అలలు, పోటు టైములు ఆయనకి తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తాయి? కొడుకు రాసిన అధ్యాయాలు ఇంట్లో చదివి వినిపిస్తుంటే, ఆ పెద్దమనిషి పెన్సిల్ తీసి తప్పులు పట్టాలా వద్దా? పెన్సిలైతే తీశాడు. చచ్చిపోయిన నావికుడి పెట్టెలో ఏమేం సామాన్లు ఉండాలో ఓ కవరు వెనక దాదాపు రోజంతా కూర్చుని జాబితా రాసిచ్చాడు! కొడుకు దాన్ని ఉన్నదున్నట్టు వాడుకున్నాడు. అది చాలదన్నట్టు సముద్రపు దొంగ ఓడకి వాల్రస్ అనే పేరే పెట్టాలని అడిగి మరీ పెట్టించాడు. అంత చదువుకున్న మనిషి, పెట్టె బరువెంత అని ఒక్క ప్రశ్న వెయ్యలేదు.

స్టీవెన్సన్‌కి శిక్ష కూడా పడింది లెండి. ప్రచురణకర్తలకి పంపిన ఆ మ్యాపు వాళ్లకి చేరనే లేదు. ఇంకేం చేస్తాడు, తను రాసిన పుస్తకాన్నే ముందు పెట్టుకుని, అందులోని ప్రతి కొలతా ఏరుకుని, కథకి సరిపోయేలా ఇంకో మ్యాపు తయారుచేసుకోవాల్సి వచ్చింది. అంటే రచయితలు తలుచుకుంటే లెక్కలు సరిచూసుకోగలరు. మావాడు తలుచుకోడు, అంతే.

నియమం ప్రకారం ఈ పుస్తకం అసలు ఉద్దేశించిన వయసువాళ్ల అభిప్రాయం కూడా తీసుకోవాలి. మా మేనకోడలికి పదమూడేళ్లు. ఒక్క పూటలో పూర్తి చేసి, పెట్టెలోవి నిజంగా బంగారు నాణేలేనని నేనెలా నమ్మానని అడిగింది. గ్లోవ్స్ ఆయన చివర్లో ఒక నాణెం పంటితో కొరికి నవ్వుతాడు కదా మామయ్యా, అంది. అది 268వ పేజీ. అక్కడ నేను బరువు లెక్కల్లో ఉన్నాను. ఆ పిల్ల అభిప్రాయాన్ని ఈ సమీక్షలో పరిగణించడం లేదు, తనకి పుస్తకం నచ్చింది కాబట్టి పక్షపాతం ఉండే ప్రమాదముంది.

రేటింగ్ అయిదుకి రెండున్నర. సముద్రానికి ఒకటి, ఫోన్‌కి అర, అమ్మానాన్నలకి అర కోశాను. పెట్టె మీద కోసిన అరని విచారణ పూర్తయ్యేదాకా పక్కన పెట్టాను.

రెండో భాగం కూడా ఉందట. విడుదలకి ముందే ఓ ప్రతి ఇప్పిస్తే తప్పులు అప్పుడే పట్టిస్తానని ప్రచురణకర్తలకి రాశాను. ముందస్తు ప్రతులు పన్నెండు నుంచి పదహారేళ్ల పాఠకులకే ఇస్తామని, వయసు తెలపమని జవాబొచ్చింది. పద్నాలుగు అని రాసి పంపాను.