బెల్లం, ఈస్ట్ వేస్తే సెప్టిక్ ట్యాంకు జన్మలో నిండదా?

సెప్టిక్ ట్యాంకు గురించి వాట్సాప్ గ్రూపుల్లో చేతులు మారుతున్న సందేశం ఒకటుంది. మాటలు అటూఇటూ మారినా సారాంశం ఇదీ: కిలో బెల్లం, వంద గ్రాముల ఈస్ట్, చెంబుడు పుల్లమజ్జిగ, బకెట్ పేడనీళ్లు ఆరు నెలలకోసారి లెట్రిన్‌లో పోస్తే మలమంతా నీరైపోతుంది, ట్యాంకు ఖాళీ చేయించే పనే ఉండదు. పదేళ్లయినా పొంగలేదంటే ట్యాంకు బాగున్నట్టే. కొత్తగా కట్టేవాళ్లు అడుగున కాంక్రీటు వేయించకపోతే నీళ్లు భూమిలోకి ఇంకిపోతాయి. వాసన వస్తే యాసిడ్ పోయండి. ఎప్పుడైనా తీయించాల్సి వస్తే దీపం దించి చూసి, అది ఆరకపోతే మనిషిని దింపొచ్చు.

ఇందులో ఒక్క ముక్కలో కొంత నిజముంది. చివరి ముక్క ప్రాణాలు తీస్తుంది.

"బెల్లం, ఈస్ట్, పేడ వేస్తే మలం నీరైపోతుంది"

ట్యాంకులో పనిచేసే బ్యాక్టీరియాను బయటినుంచి తెచ్చి పోయనక్కర్లేదు. మలంలోనే గ్రాముకు వేల కోట్లు ఉంటాయి, ఇంటిల్లిపాదీ రోజూ వేస్తూనే ఉంటారు. గాలి తగలని చోట బతికే ఈ బ్యాక్టీరియా కుళ్లే పదార్థంలో కొంత భాగాన్ని వాయువులుగా, నీళ్లలో కరిగే పదార్థాలుగా మారుస్తుంది. జీర్ణంకాని పీచు, చచ్చిన బ్యాక్టీరియా, లవణాలు, బాత్రూం కడిగినప్పుడు కొట్టుకొచ్చే ఇసుక, వెంట్రుకలు అడుగున మడ్డిగా మిగులుతాయి. అందులో చాలా భాగం ఎన్నేళ్లున్నా కరగదు. డిజైన్ లెక్కల్లో మనిషికి ఏడాదికి 25 నుంచి 40 లీటర్ల మడ్డి వేసుకుంటారు. అది కుళ్లాల్సింది కుళ్లిపోయాక మిగిలే లెక్క. ఐదుగురున్న ఇంట్లో ఏడాదికి 125 నుంచి 200 లీటర్లు.

ఈస్ట్ చక్కెరలను పులియబెడుతుంది, పీచునూ కొవ్వునూ ముట్టుకోదు. మీరు వేసిన బెల్లాన్నే తిని బుడగలు వదులుతుంది. మూత తీసి చూసినవాళ్లు ఆ నురగ చూసి మందు పనిచేస్తోందనుకుంటారు. బుడగలకు అడుగు మడ్డి కదిలి పైకి లేస్తే, నీళ్లతోపాటు బయటికి పోయి ఇంకుడు గుంతను పూడ్చేస్తుంది. చక్కెర పులిస్తే పుట్టే ఆమ్లం మీథేన్ తయారుచేసే సూక్ష్మజీవులకు పడదు కూడా. వెయ్యి లీటర్ల ట్యాంకులో కిలో బెల్లంతో పెద్ద నష్టం జరగకపోవచ్చు, లాభం మాత్రం సున్నా. దుకాణాల్లో అమ్మే బ్యాక్టీరియా పొడులూ ఎంజైమ్ సీసాలూ కూడా మడ్డి తీయించే అవసరాన్ని తప్పించలేవు.

నిజమున్న ముక్క పేడ. కొత్త ట్యాంకును వాడకంలోకి తెచ్చేముందు ఔట్‌లెట్ మట్టం దాకా నీళ్లు నింపి, పాత ట్యాంకులోని బాగా మాగిన మడ్డి కొంచెం వేయమని, అది దొరక్కపోతే మాగిన పేడ కొంచెం వేయొచ్చని భారతీయ ప్రమాణం ఐఎస్ 2470 చెబుతుంది. అదీ ఒక్కసారే, మొదట్లోనే. ఆ తర్వాత ఆరు నెలలకో బకెట్ పచ్చిపేడ పోయడమంటే గడ్డిపీచు తెచ్చి మడ్డిలో కలపడమే.

"పదేళ్లయినా పొంగలేదు కాబట్టి బాగుంది"

బాగా పనిచేసే ట్యాంకు ఎప్పుడూ నీళ్లతో నిండుగానే ఉంటుంది. పది లీటర్లు లోపలికొస్తే పది లీటర్లు ఔట్‌లెట్ గుండా బయటికి పోతాయి. పైన తెట్టు, అడుగున మడ్డి, నడుమ తేటనీరు. కాబట్టి మూత తీయగానే నీళ్లు కనిపిస్తే నిండిందని కంగారు పడనక్కర్లేదు, పొంగలేదు కదా అని నిశ్చింతగా ఉండటానికీ లేదు. మడ్డి పెరిగేకొద్దీ నడుమ తేటనీటికి చోటు తగ్గుతుంది. కనీసం ఒక రోజైనా నిలవాల్సిన నీళ్లు కొన్ని గంటల్లోనే దాటిపోతాయి, మలం అడుగుకు దిగేలోపే కొట్టుకుపోతుంది. పొంగడం చివరి దశ. అప్పటికే ఇంకుడు గుంత పూడుకుపోయి ఉంటుంది. ఔట్‌లెట్ పైపును వీధి కాలువలోకి వదిలిన ఇళ్లలో పొంగడమంటూ ఉండదు, మలమే కాలువలో పోతుంటుంది. ఆ సంగతి ఇంటివాళ్లకంటే ముందు ఎదురింటివాళ్లకు తెలుస్తుంది.

రెండేళ్లకో మూడేళ్లకో మడ్డి తీయించాలన్న గడువు గాలిలోంచి వచ్చింది కాదు. రెండేళ్లకోసారి తీయించే లెక్కన ఐదుగురికి ఐఎస్ 2470 ఇచ్చిన కొలతలు: పొడవు 1.5 మీటర్లు, వెడల్పు 0.75, నీటి లోతు 1.05, ఆపైన 30 సెంటీమీటర్ల ఖాళీ. అంటే సుమారు 1,180 లీటర్ల నీళ్లు. ఏడాదికి 200 లీటర్ల చొప్పున రెండేళ్లకు 400 లీటర్ల మడ్డి చేరితే ట్యాంకులో మూడో వంతు పోయినట్టే. పదిమందికైతే 2 మీటర్ల పొడవు, 0.9 వెడల్పు, 1.4 నీటి లోతు. మీ ట్యాంకు ఇంతకంటే పెద్దదైతే మూడు నాలుగేళ్లు ఆగొచ్చు, అదీ కొలిచి చూశాకే.

కొలవడానికి ట్యాంకు లోతుకు మించిన కర్ర కావాలి. కింది చివరన మూడడుగుల మేర తెల్లటి పాత తువ్వాలు చుట్టి గట్టిగా కట్టండి. ఔట్‌లెట్ వైపు మూత తీసి కాసేపు దూరంగా నిలబడండి. తెట్టును పక్కకు నెట్టి కర్రను నెమ్మదిగా అడుగుదాకా దించి, రెండు మూడు నిమిషాలుంచి బయటికి లాగండి. తువ్వాలు ఎంత ఎత్తు నల్లబడిందో అంత మడ్డి. పైన చెప్పిన 1.05 మీటర్ల లోతు ట్యాంకులో తెట్టు, మడ్డి కలిపి 35 సెంటీమీటర్లు దాటితే మడ్డి లాగే బండిని పిలవాల్సిందే. దగ్గర్లో బీడీ, అగ్గిపుల్ల ఉండకూడదు. మూత మీదికి తల వంచకూడదు. ఒంటరిగా ఈ పని పెట్టుకోవద్దు, మూత తీసి ఉంచి పక్కకు పోవద్దు.

దీనికంతటికీ ముందు అసలు మూత దొరకాలి. పోర్టికోలో ట్యాంకు కట్టి పైన టైల్స్ పరిచేసిన ఇళ్లు ఎన్నో. అందం కోసం మూత కప్పేసినవాళ్లు రేపు టైల్స్ పగలగొట్టించుకోక తప్పదు.

"అడుగున కాంక్రీటు వేయొద్దు"

అడుగు వదిలేస్తే అది సెప్టిక్ ట్యాంకు కాదు, గుంత. సిమెంటు వరలు దించి పైన బిళ్ల వేసి సెప్టిక్ ట్యాంకని పిలిచేవి చాలావరకు ఇవే. మొదట్లో నీళ్లు ఇంకుతాయి. కొన్నేళ్లకు మట్టి సందుల్లో జిగురు పొర కట్టి ఇంకడం ఆగుతుంది. నల్లరేగడిలో మొదటినుంచే సరిగా ఇంకదు. కోనసీమ, కృష్ణా డెల్టా లాంటి చోట వానాకాలం భూగర్భజలం పైకొచ్చి బయటి నీరే లోపలికి చేరుతుంది. నిన్న బండితో లాగించిన గుంత ఇవాళ మళ్లీ నిండేది అందుకే. తెలంగాణ రాతి నేలల్లో ప్రమాదం ఇంకో రకం: బండల పగుళ్లు దొరికితే మురుగు వడపోత లేకుండా బోరులోకి చేరుతుంది.

మురుగు ఇంకే చోటు తాగునీటి బావికీ బోరుకూ కనీసం 18 మీటర్లు, అంటే అరవై అడుగుల దూరంలో ఉండాలి. వంద గజాల స్థలంలో అది కుదిరే పని కాదు, కాబట్టి అక్కడ ట్యాంకు నీరు కారకుండా ఉండటం మరీ ముఖ్యం, బోరు నీటిని పరీక్ష చేయించడమూ అంతే. తాగునీటిలో నైట్రేట్ లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదు. కాచినంత మాత్రాన నైట్రేట్ పోదు, నీళ్లు ఇగిరేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది.

సరైన ట్యాంకులో గోడ కట్టి రెండు గదులు చేస్తారు, మొదటిది మొత్తం పొడవులో మూడింట రెండు వంతులు. ఇన్‌లెట్ కంటే ఔట్‌లెట్ 5 సెంటీమీటర్లు కిందికి ఉండాలి. రెండు చోట్లా టీ పైపు, అంటే ఇంగ్లిష్ T ఆకారపు పైపు, నీళ్లలోకి మునిగి ఉండాలి. మేస్త్రీలు ఎక్కువగా ఎగ్గొట్టేది ఔట్‌లెట్ దగ్గరి టీనే. అది లేకపోతే తెట్టు నేరుగా ఇంకుడు గుంతలోకి పోతుంది. ప్రతి గదికీ విడిగా మూత, ఇంటికంటే ఎత్తున గాలి గొట్టం, దాని కొసన దోమల జాలీ ఉండాలి. ఫైలేరియాను మోసే క్యూలెక్స్ దోమకు సెప్టిక్ ట్యాంకు మంచి పెంపుడు చోటు. వాననీటి పైపును మాత్రం ట్యాంకులోకి కలపకూడదు: ఒక్క పెద్ద వానకు మడ్డంతా కదిలి బయటికి పోతుంది.

"వాసన వస్తే యాసిడ్ పోయండి"

వాసనకు కారణం ఎక్కువగా మూసుకుపోయిన గాలి గొట్టం, పగిలిన మూత, లేదా వాడని బాత్రూంలో వాసనను అడ్డుకునే వంపు పైపులోని నీళ్లు ఎండిపోవడం. వాటిని సరిచేయాలి. లెట్రిన్ కడగడానికి వాడే మామూలు మోతాదు క్లీనర్‌తో ట్యాంకుకేం కాదు. సీసాలకు సీసాలు గుమ్మరిస్తే బ్యాక్టీరియా చస్తుంది, సిమెంటును యాసిడ్ తినేస్తుంది. పైగా ఆమ్లం మడ్డిలోని సల్ఫైడ్‌లతో కలిసి హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువును వదిలిస్తుంది, అంటే వాసన పోగొట్టబోయి విషవాయువును పుట్టించడం. యాసిడ్, బ్లీచింగ్ పౌడర్ కలిస్తే క్లోరిన్ వస్తుంది.

"దీపం ఆరకపోతే మనిషిని దింపొచ్చు"

దీపం చెప్పగలిగేది ఆక్సిజన్ మరీ తగ్గిందా లేదా అన్నది మాత్రమే. హైడ్రోజన్ సల్ఫైడ్ 100 పీపీఎం, అంటే గాలిలో పదివేల వంతుల్లో ఒక వంతు ఉంటే చాలు, కొద్ది నిమిషాల్లో ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. కొన్ని వందల పీపీఎం దగ్గర మనిషి కుప్పకూలుతాడు. ఇంత తక్కువ వాయువుకు దీపం ఆరదు. మీథేన్ గాలిలో 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే ఆ దీపమే పేలుడుకు నిప్పు. అన్నిటికంటే ముఖ్యం, మడ్డిలో చిక్కుకున్న వాయువు మనిషి దిగి కదిలించినప్పుడే బయటికొస్తుంది, కాబట్టి దిగకముందు చేసిన ఏ పరీక్షా దిగాక కాపాడదు. ఒకరు పడిపోతే కాపాడబోయి రెండో మనిషి, మూడో మనిషి పోవడం ఈ ప్రమాదాల్లో మళ్లీ మళ్లీ జరుగుతున్నదే. ఎవరైనా పడితే లోపలికి దిగకుండా మూతలన్నీ తెరిచి, 101కో 112కో ఫోన్ చేయాలి.

ఇది చట్టం నిషేధించిన పని కూడా. రక్షణ పరికరాలూ జాగ్రత్తలూ లేకుండా ట్యాంకు శుభ్రం చేయడానికి మనిషిని పెట్టడం, చేతులతో మలం ఎత్తే పనిని నిషేధించిన 2013 నాటి చట్టం కింద నేరం: మొదటిసారి రెండేళ్ల దాకా జైలు, లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. నేరుగా పెట్టినా, వేరొకరి ద్వారా పెట్టించినా ఒకటే. ఇలాంటి మరణాలకు పరిహారాన్ని సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో 30 లక్షలకు పెంచింది.

పిలవాల్సింది మోటారుతో లాగే బండిని. మున్సిపాలిటీలో అడగొచ్చు, 14420 హెల్ప్‌లైన్ కూడా ఉంది. రెండు గదుల్లోనూ పైపు పెట్టించండి. మొదటి గదిలోని నీళ్లు మాత్రమే లాగి వెళ్లిపోతే డబ్బు దండగ. మడ్డి గట్టిపడి ఉంటే పైనుంచే నీళ్లు కొట్టి కదిలించి లాగాలి. సరుకు ఎక్కడ పారబోస్తారో కూడా అడగండి. వరంగల్, నర్సాపురం లాంటి చోట్ల మలవ్యర్థాల శుద్ధి కేంద్రాలున్నాయి, ఊరి చివరి చెరువు అందుకు కాదు. గోడలు తోమించనక్కర్లేదు, ఫినాయిల్ అసలే వద్దు. అడుగున మిగిలిన కాస్త మడ్డి మళ్లీ తోడుకు పనికొస్తుంది. బండి వెళ్లగానే ట్యాంకును నీళ్లతో నింపాలి. నీటిమట్టం పైనున్న చోట ప్లాస్టిక్, ఫైబర్ ట్యాంకులను ఖాళీగా వదిలితే భూమిలోంచి పైకి తేలి పైపులు ఊడిపోతాయి.