అప్పన్న ఖరీదు రోజుకు 733

ఉత్తరాంధ్ర వెనకబడిందని ఊరికే ఏడ్చేవాళ్ళకి ఒక శుభవార్త. రాష్ట్రాల పోలీసుల్నీ, కోర్టుల్నీ, జైళ్ళనీ, న్యాయసహాయాన్నీ తూకం వేసి మార్కులిచ్చే ఇండియా జస్టిస్ రిపోర్టు అని ఒకటుంది. 2025లో వచ్చిన దాంట్లో పెద్ద రాష్ట్రాల వరసలో కర్ణాటక తర్వాత మనమే, రెండో ర్యాంకు. అంతకన్నా ముచ్చటైన సంగతి లోపలి పేజీల్లో ఉంది. ఒక్కో ఖైదీ మీద ఏడాదికి పెట్టే ఖర్చులో ఆంధ్రప్రదేశ్‌దే మొదటి స్థానం: 2,67,673 రూపాయలు. దేశం సగటు రోజుకు 121 దగ్గర నీరసంగా పడి ఉంటే మనం 733 దగ్గర దర్జాగా కాలు మీద కాలేసుకున్నాం. అందులో అన్నమెంత, మందులెంత, ‘ఇతరములు’ ఎంత అని అడగడం మర్యాద కాదు. పదో తరగతి ర్యాంకుకే ఫ్లెక్సీలు కట్టే శ్రీకాకుళంలో ఈ ర్యాంకుకి ఒక్క ఫ్లెక్సీ అయినా లేవకపోవడం మాత్రం బాధాకరం.

ఇంత గొప్ప రంగానికి ఇప్పుడు ముప్పొచ్చింది. మనుషుల్ని జైల్లో పెట్టకుండా సమాజంలోనే ఉంచి దిద్దాలట. పరిశోధకులు అంటున్నారు, న్యాయమూర్తులు అంటున్నారు, చివరికి చట్టం కూడా అంటోంది. ఎవరో ఒకరు జైళ్ళ తరఫున నిలబడి మాట్లాడాలి కదా, ఆ భారం ఈ వ్యాసం మోస్తోంది.

వాదనకి ఒక మనిషి కావాలి. అప్పన్న అనుకుందాం. సింహాచలం దేవుడి పేరు పెట్టుకోని ఇల్లు ఈ వైపు దొరకడం కష్టం కాబట్టి ఫలానా అప్పన్న అని ఎవరూ భుజాలు తడుముకోనక్కర్లేదు. ఊరు ఉద్దానంలో, పని తాపీ పని. ఏడాదిలో సగం చెన్నైలో ఊరివాళ్ళెవరూ ఉండలేని అపార్ట్‌మెంట్లు కడతాడు. మిగతా సగం ఇంటికొచ్చి బాకీలు కడతాడు. పలాస వైపు ఎవరి తోటలోంచో జీడిపిక్కల బస్తా ఒకటి మాయమైంది, అప్పన్న పేరు పైకొచ్చింది. ఎత్తాడో లేదో నాకు తెలీదు. కోర్టుకీ ఇంకా తెలీదు. తెలిసేదాకా లోపల ఉంచాలా, బయట ఉంచాలా అన్నదే ప్రశ్న.

ఏడేళ్ళలోపు శిక్ష పడే కేసుల్లో పోలీసులు ఎడాపెడా అరెస్టు చెయ్యక్కర్లేదు, నోటీసిచ్చి పిలిస్తే చాలని సుప్రీంకోర్టు 2014లోనే అర్నేష్ కుమార్ కేసులో చెప్పింది. మంచిదే. అయితే నోటీసు పట్టుకుని వెళ్తే అప్పన్న ఇంట్లో ఉండాలి కదా! తలుపుకి తాళం, మనిషి చెన్నైలో. ఊళ్ళో లేనివాణ్ణి కాగితం మీద ‘పరారీలో ఉన్నాడు’ అంటారు. ఈ లెక్కన సిక్కోలు జిల్లాలో పండక్కి తప్ప ఊరి మొహం చూడని వాళ్ళంతా పరారీలోనే ఉన్నారు. పరారీలో ఉండి నెలనెలా ఇంటికి డబ్బులు పంపే నేరస్థుల జిల్లా దేశంలో మనదొక్కటే కాకపోవచ్చుగానీ, మనకీ ఓ స్థానం దక్కుతుంది.

ఇక చట్టం సంగతి. 2024 జులై 1న అమల్లోకొచ్చిన కొత్త శిక్షాస్మృతి, భారతీయ న్యాయ సంహితలో సమాజసేవని మొట్టమొదటిసారి శిక్షల జాబితాలో చేర్చారు. మొదటిసారి దొంగతనం చేసి, సొత్తు విలువ 5,000 లోపుండి, దాన్ని తిరిగిచ్చేస్తే జైలు లేదు, సమాజసేవే. అంత చిన్న దొంగతనం ఇప్పుడు బెయిలు ఇచ్చి తీరాల్సిన కేసు కూడా. విలువ 5,000కి చేరిందా, మూడేళ్ళ దాకా జైలు, బెయిలు జడ్జిగారి ఇష్టం. అంటే 4,999 దగ్గర చీపురు, 5,000 దగ్గర చెర.

కాబట్టి ఇకమీదట దొంగతనానికి ధైర్యం చాలదు, మార్కెట్ ధరలు తెలియాలి. పలాసలో జీడిపిక్కల బస్తా అంటే 80 కిలోలు. అదే బస్తాని రైతు అమ్మకానికి తెస్తే పిక్క చిన్నదనీ, చెమ్మ ఉందనీ, విదేశీ పిక్క చవగ్గా దిగిందనీ వ్యాపారి పెదవి విరుస్తాడు. మద్దతు ధర కోసం రైతు ధర్నాకి కూర్చోవాలి. దొంగ ఎత్తుకెళ్ళాడంటే మాత్రం అదే పిక్కకి పంచనామాలో ఏ చెమ్మా లేని నిఖార్సయిన ధర పడుతుంది. ఉద్దానం రైతుకి గిట్టుబాటు ధర రాసిచ్చే ఏకైక ప్రభుత్వ కాగితం చోరీ కేసు ఎఫ్ఐఆరే. అప్పన్నకి కాస్త లోకజ్ఞానం ఉంటే అర బస్తాతో ఆగేవాడు, అదీ ధర పడిపోయిన వారం చూసుకుని.

సమాజసేవ వేయదగ్గ నేరాలు మొత్తం ఆరు. మిగతావాటిలో నాలుగు చూస్తే చాలు, మన సమాజం మీద చట్టానికి ఎంత అవగాహన ఉందో తెలుస్తుంది.

తాగి నలుగురిలో అల్లరి చేస్తే 24 గంటల జైలో, 1,000 దాకా జరిమానానో, రెండూనో, లేదా సమాజసేవో. 2024 అక్టోబరు నుంచి మన రాష్ట్రంలో 99 రూపాయలకే క్వార్టరు దొరుకుతోంది. తాగినప్పుడు సర్కారుకి పన్ను, తూలినప్పుడు జరిమానా, జరిమానాకి డబ్బుల్లేకపోతే రోడ్డూడ్చే కూలి మిగులు. మనిషిని ఇంత పొదుపుగా వాడుకునే పథకం ఇంకోటి లేదు.

ప్రభుత్వోద్యోగి చట్టవిరుద్ధంగా వ్యాపారం చేస్తే ఏడాది దాకా సాధారణ జైలు, జరిమానా, లేదా సమాజసేవ. చీటీలు నడిపే పంతులుగారికీ ప్లాట్లు అమ్మే గుమస్తాగారికీ సమాజసేవ అంటే ఏం వేస్తారు? వెళ్ళి మీ బళ్ళో పాఠం చెప్పండి, మీ సీట్లో మీరు కూర్చోండి అని తీర్పిస్తే అంతకు మించిన కఠిన శిక్ష ఉండదు, హైకోర్టుకి అప్పీలుకెళ్తారు.

పరువునష్టానికీ అంతే, రెండేళ్ళ జైలు బదులు సమాజసేవ వేయొచ్చు. మన నాయకులు మైకు ముందు మాట్లాడే తీరుకి ఈ ఒక్క సెక్షన్ సరిగా అమలైతే ఇచ్ఛాపురం నుంచి తడ దాకా రోడ్ల మీద కాగితం ముక్క కనబడదు. కాకపోతే శిక్ష పడిన మర్నాడే ‘సమాజసేవకు ఎంపికైన అన్నకు శుభాకాంక్షలు’ అని జంక్షన్లో ఫ్లెక్సీ లేస్తుంది, ఆ ఫ్లెక్సీ చిరిగి రోడ్డు మీద పడితే ఎవరు ఊడ్వాలన్నది చట్టంలో లేదు.

అధికారిని బెదిరించడానికి ప్రాణం తీసుకోబోయినవాడు కూడా ఈ జాబితాలో ఉన్నాడు. సోమవారం గ్రీవెన్సుకి పురుగుమందు డబ్బాతో వచ్చిన రైతు అన్నమాట. అతని చేత ఆ కలెక్టరేటు వరండాయే ఊడిపిస్తే, మూడేళ్ళ కిందట తను ఇచ్చిన అర్జీ ఏ బల్ల కింద ఉందో అతనికే దొరికే అవకాశం ఉంది.

ఇంతకీ సమాజసేవ అంటే ఏ పని, ఎన్ని గంటలు, ఎవరు చూస్తారు? శిక్షాస్మృతిలో గంటల లెక్క లేదు. ప్రక్రియ చెప్పే నాగరిక సురక్షా సంహిత 23వ సెక్షన్ దగ్గర మాత్రం ఒక వివరణ ఉంది: సమాజానికి మేలు చేసే పని, దానికి కూలి ఉండదు. ఈ చివరి ముక్క మాత్రం చాలా స్పష్టంగా రాశారు. ఉపాధి హామీలో మట్టి మోస్తే 2025-26లో రోజుకు 307. శిక్షగా మోస్తే సున్నా. ఏ పనీ చెయ్యకుండా లోపల కూర్చుంటే సర్కారు 733 పెడుతుంది. ఈ మూడు అంకెలూ పక్కపక్కన పెట్టి చూశాక కూడా అప్పన్నని బయట ఉంచమనేవాడికి ఖజానా మీద గౌరవం లేనట్టే.

సరే, అప్పన్నకి బెయిలొచ్చిందనే అనుకుందాం. ఇక్కణ్ణించే అసలు కథ. జడ్జిగారు పదివేలకి ఇద్దరు జామీనుదారుల పూచీ అడిగారు. దేవుడు వరమిచ్చాడు, ఇక పూజారి. జామీనుదారుకి ఆధార్ కావాలి, ఫోటోలు కావాలి, ఇంటిపన్ను రసీదో పాసుపుస్తకమో కావాలి, అవి నిజమైనవేనని ఊరి సచివాలయం నుంచి కాగితం కావాలి. అప్పన్న తల్లి గుడ్డసంచిలోంచి రసీదు తీసింది. నాలుగు మడతలు, మడత దగ్గర చిరుగు.

“ఎవరి పేరునుందమ్మా ఇది?”

“మా మాఁవ పేర్నుంది బావూ.”

“ఆయన్ని రమ్మను మరి.”

“తిత్లీ తుపానుకి ముందే ఎల్లిపోనాడు బావూ.”

“చెన్నైకా?”

“సెన్నై కాదు బావూ. కాలమైపోనాడు.”

ఆ ఇంట్లో కాగితాలన్నీ సక్రమంగా ఉన్న మనిషి ఆయనొక్కడే. రెండో జామీనుకి అప్పన్న బావమరిది ముందుకొచ్చాడు, సొంతిల్లుంది, రసీదుంది, పేరు కూడా తనదే. ఇల్లు మాత్రం పర్లాకిమిడిలో ఉంది. పాతపట్నం దాటి నాలుగడుగులేస్తే వచ్చే ఊరే, పెళ్ళిళ్ళకీ చావులకీ పొద్దున్నెళ్ళి సాయంత్రానికి వచ్చేస్తాం. అయినా అది ఒడిశా. పిల్లనివ్వడానికి అడ్డురాని సరిహద్దు పూచీకి అడ్డొచ్చింది.

ఇదేం కొత్త వింత కాదు. మధ్యప్రదేశ్‌లో మోతీరాం అని ఒకడుండేవాడు, విచిత్రంగా అతనూ తాపీమేస్త్రీయే. పదివేలకి పూచీ అడిగారు. అన్నదమ్ముడొచ్చి నిలబడితే ఆస్తి వేరే జిల్లాలో ఉందని మేజిస్ట్రేటు కాదన్నారు. 1978లో ఆ కేసు సుప్రీంకోర్టులో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ ముందుకొచ్చింది. మేస్త్రీని పదివేలు అడగడమేమిటని, వేరే జిల్లా అయితే తప్పేమిటని ఆయన గట్టిగానే తలంటారు. అప్పటికీ ఇప్పటికీ పదివేలు విలువ పడిపోయిందిగానీ తాపీమేస్త్రీ జామీను కష్టం విలువ చెక్కుచెదరలేదు.

అయినా నిరాశ అక్కర్లేదు. జామీనుదారు దొరకనివాడికి బజారులో దొరుకుతాడు. కోర్టుల చుట్టుపక్కల రుసుము పుచ్చుకుని పూచీకి నిలబడే పెద్దమనుషులు ఉంటారన్నది కోర్టు మెట్లెక్కిన వాళ్ళెవరికీ కొత్త సంగతి కాదు. ఆయన అప్పన్న మొహం ఆ పూటే చూస్తాడు. వీడు ఎక్కడికీ పారిపోడని, వాయిదాకి వచ్చితీరతాడని న్యాయస్థానానికి హామీ ఇస్తాడు, అది చెల్లుతుంది. పుట్టిన్నాటి నుంచి అప్పన్నని ఎరిగిన ఊరు ఆ మాటే అంటే చెల్లదు. ఊరికి ఇంటిపన్ను రసీదు ఉండదు కదా.

(ఊరి మాటంటే నాకూ గుడ్డి మోజేం లేదు. పెద్దల తగువులో తప్పు కట్టించి వదిలేసే రోజులున్నట్టే, కులం చూసి వెలివేసిన రోజులూ ఉన్నాయి. వెలికి బెయిలు ఉండదు. ఊరు పూచీ పడాలిగానీ తీర్పు చెప్పకూడదు.)

ఇలా జామీను కుదరక ఉండిపోయినవాళ్ళ కోసం కేంద్రం 2023లో పేద ఖైదీలకు సాయం పథకం పెట్టింది. బెయిలు కోసం 40,000 దాకా ఇవ్వొచ్చని అప్పుడు అన్నారు. ఇవ్వాలో వద్దో తేల్చడానికి జిల్లాకో కమిటీ: కలెక్టరు, ఎస్పీ, జైలు సూపరింటెండెంటు, న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శి, ఒక న్యాయమూర్తి. అప్పన్న పేదవాడని నిర్ధారించడానికి జిల్లాలోని ఐదుగురు పెద్దలు ఒకే రోజు ఖాళీగా ఉండాలి. ముఖ్యమంత్రి పర్యటన లేని రోజు, తుపాను హెచ్చరిక లేని రోజు, సిరిమానో రథసప్తమో లేని రోజు చూసుకోవాలి. పంచాంగంలో పెళ్ళి ముహూర్తాలైనా ఇంతకన్నా తేలిగ్గా దొరుకుతాయి.

అది కూడా కుదరకపోతే ఇంకో దారి. మొదటిసారి కేసులో ఇరుక్కున్నవాడు, పడదగ్గ గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం విచారణలోనే లోపల గడిపేస్తే బాండు మీద వదిలెయ్యాలని నాగరిక సురక్షా సంహిత 479వ సెక్షన్ అంటోంది. దొంగతనానికి మూడేళ్ళు, మూడో వంతు ఏడాది. మన రాష్ట్రంలో ఏడాది ఖర్చు తెలిసిందే, 2,67,673. ఒక్క బస్తా పిక్కల కోసం. ఆ సొమ్ముతో ఆ రైతు తోట పంటంతా కొనేయొచ్చు. కానీ పంట కొంటే అది ఉచితాల కింద జమ అవుతుంది, అప్పన్నని ఉంచుకుంటే శాంతిభద్రతల కింద జమ అవుతుంది.

అప్పన్న ఒంటరివాడని కూడా అనుకోవద్దు. 2022 జైలు గణాంకాల ప్రకారం దేశంలో 5,73,220 మంది ఖైదీలుంటే 4,34,302 మంది నేరం ఇంకా తేలనివాళ్ళే. నలుగురిలో ముగ్గురు. ఉన్న చోటేమో 4,36,266 మందికే. అంటే తీర్పుకి ఎదురుచూసేవాళ్ళని వదిలేస్తే జైళ్ళలో గదులు మూడింట రెండొంతులు ఖాళీగా మిగులుతాయి. ఖాళీ గదుల్ని ఏం చెయ్యాలో ఎవరైనా ఆలోచించారా? హాస్టళ్ళు చేద్దామంటే పిల్లల మీద రోజుకు 733 పెట్టే అలవాటు మనకి లేదు.

అధ్యయనాలు లేవా అంటే అటక నిండా ఉన్నాయి. జైళ్ళ సంస్కరణల మీద జస్టిస్ ముల్లా కమిటీ 1983లో నివేదిక ఇచ్చింది. అదే పనికి 2018లో సుప్రీంకోర్టు జస్టిస్ అమితవ రాయ్ కమిటీని వేసింది. మొదటి తప్పుకి మందలించి, మంచి నడవడి మీద వదిలిపెట్టే ప్రొబేషన్ చట్టం వచ్చిందే 1958లో. ఏం చెయ్యాలో తెలీక మనం ఎప్పుడూ ఆగలేదు, తెలిసిందాన్ని మళ్ళీ తెలుసుకోవడానికే ఆగాం. అందుకే రాష్ట్రస్థాయిలో సరికొత్త కమిటీ వెయ్యాలని నా డిమాండు. సభ్యులు నార్వే జైళ్ళు చూసి రావాలి. అంపోలు జైలు కూడా చూడాలి, అయితే అది శ్రీకాకుళానికి మరీ దగ్గర కాబట్టి టీఏ రాదు, ఆఖర్న చూడొచ్చు. నివేదిక ఇంగ్లీషులో ఉండాలి, అనుబంధంలో అప్పన్న వేలిముద్ర ఉండాలి.

ఈ వ్యాసం వల్ల ఎవరి పరువైనా పోయిందనిపిస్తే నిరభ్యంతరంగా కేసు వెయ్యండి. శిక్ష సమాజసేవే అడుగుతాను. ఒక్క మనవి, శ్రీకాకుళం ఏడురోడ్ల జంక్షన్ మాత్రం నాకు కేటాయించొద్దు. ఏడింట్లో ముందు ఏ రోడ్డు ఊడ్వాలో తేల్చడానికి ఇంకో కమిటీ వేస్తారు, అది తేలేదాకా నన్ను రిమాండులో పెడతారు. నా ఇంటిపన్ను రసీదు కూడా మా తాత పేరునే ఉంది.