నెట్ ఇస్తానని వచ్చి నెట్టే అడిగిన డాంగిల్ గారికి

మహారాజశ్రీ యూఎస్‌బీ వైఫై డాంగిల్ గారికి,

నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ నేను, నాన్న, 2010 నాటి మా ల్యాప్‌టాప్ అందరం క్షేమం, ఎడమవైపు పోర్టులో మీరు కూడా క్షేమమేనని వేలు పెట్టి చూస్తే ఆ వేడికే తెలిసిపోతోంది. ఈ గారూ మీరూ ఇక్కడితో సరి, ఇకనుంచి నువ్వే అంటా, రెండు రాత్రులు నీతో జాగారం చేశాక ఆ మాత్రం చనువు ఉండాలి కదా.

అసలు నిన్ను తెచ్చిందే నాన్న కోసం. ల్యాప్‌టాప్ లోపలి వైఫై కార్డు ఎప్పుడో పోయింది, ఆయనకి కావాల్సింది పొద్దున్నే ఈపేపరు, అప్పుడప్పుడు రైలు టికెట్లు, అంతే, దానికోసం కొత్త ల్యాప్‌టాప్ ఎందుకని 4 జీబీ ర్యామ్ ఉన్న ఆ ముసలి ప్రాణం మీద విండోస్ బదులు లైనక్స్ మింట్ 21 వేసి, కంప్యూటర్ సామాన్లు దొరికే సికింద్రాబాద్ సీటీసీలో ఒక షాపుకెళ్లి "లైనక్స్‌లో పనిచేస్తుందా అన్నా" అని అడిగా. "అన్నిట్ల చేస్తదన్నా, పెట్టుడే" అన్నాడు. డబ్బా మీద లైనక్స్ గుర్తు, ఆ పెంగ్విన్ బొమ్మ కూడా చూపించాడు. నమ్మేశా. పెళ్లిచూపుల్లో ఫొటో చూసి ఒప్పేసుకున్నట్టు.

ముందు ఆ డబ్బా సంగతి తేల్చుకుందాం. దాని మీద లావుపాటి అక్షరాలతో 600 ఎంబీపీఎస్ అని ఉంది, ఎక్కడిదా ఈ 600 అని చూస్తే 2.4 గిగాహెర్ట్జ్‌లో 150, 5 గిగాహెర్ట్జ్‌లో 433, రెండూ కలిపితే 583, దాన్ని గుండు చేస్తే 600. మరి రెండూ ఒకేసారి వాడగలవా అంటే లేదు, ఒక టైంలో ఏదో ఒకటే. అంటే విజయవాడకి రైలూ ఉంది బస్సూ ఉంది కాబట్టి రెండింటి స్పీడూ కూడేసి నా టికెట్ మీద వేశావన్నమాట. పైగా పెంగ్విన్ కింద సన్న అక్షరాల్లో "లైనక్స్ 2.6.18 నుంచి 4.4 వరకు" అని ఉంది. ఆ అంకెలు కెర్నల్‌వి, అంటే లైనక్స్ గుండెకాయవి, 4.4 కెర్నల్ వచ్చింది 2016 జనవరిలో. నా దాంట్లో ఉన్నది 5.15. సన్న అక్షరాలు ఇంటికొచ్చాకే కనపడతాయి, అది వాటి జాతి లక్షణం.

డబ్బాలో ఒక బుల్లి సీడీ కూడా పెట్టారు, అప్పడమంత ఉంది. నా ల్యాప్‌టాప్ సీడీ ట్రే ఊడిపోయి ఐదేళ్లయింది. పోనీలే అని నిన్ను గుచ్చి టెర్మినల్‌లో, ఏమేం గుచ్చి ఉన్నాయో చెప్పే ఎల్ఎస్ యూఎస్‌బీ కమాండ్ కొట్టి చూద్దును కదా, నువ్వు వైఫైవే కాదు, "డిస్క్" అట! డెస్క్‌టాప్ మీద సీడీ బొమ్మ ఒకటి వచ్చి కూర్చుంది, తెరిస్తే లోపల ఒక డాట్ ఈఎక్స్‌ఈ ఫైలు. అప్పుడు అర్థమైంది నీ వేషం. గుచ్చగానే ముందు సీడీ డ్రైవ్‌లా నటిస్తావు, విండోస్ వాడు ఆ ఈఎక్స్‌ఈ నొక్కి, నిన్ను నడిపే డ్రైవర్ వేసుకున్నాక వేషం విప్పి వైఫైగా మారతావు. లైనక్స్ వాడి ముందు మాత్రం ఆ వేషంలోనే ఉండిపోతావు, రంగస్థలం ఖాళీ అయ్యాక కూడా కిరీటం తియ్యని నటుడిలాగ. మరి ఏం చెయ్యాలయ్యా అంటే ఆ సీడీ బొమ్మ మీద కుడి క్లిక్ చేసి ఎజెక్ట్ కొట్టాలి. నిజంగా అంతే! కొట్టగానే సీడీ మాయమై, యూఎస్‌బీ ఐడీ మార్చుకుని కొత్త మనిషిలా మళ్లీ ప్రత్యక్షమయ్యావు. లోపలికి రావాలంటే ముందు బయటికి పో అనిపించుకోవాల్సిన చుట్టాన్ని నా జన్మలో నిన్నే చూశా. బూట్ చేసిన ప్రతిసారీ ఈ మర్యాద చెయ్యలేక ఇలాంటి వేషాలు విప్పించే యూఎస్‌బీ మోడ్‌స్విచ్ అనే ప్రోగ్రాం వేసి, నిన్ను గుచ్చగానే ఏం చెయ్యాలో చెప్పే ఊడెవ్ రూల్ ఒకటి రాసిపెట్టా, ఇప్పుడు ఆ పో అనే మాట నా తరఫున అదే అంటోంది.

వేషం విప్పావు, సంతోషం, డ్రైవర్ ఏది? 5.15లో నీ చిప్‌కి లేదు. ఎవరో పుణ్యాత్ముడు డ్రైవర్ సోర్సు కోడ్ నెట్‌లో, గిట్‌లో పెట్టాడు, దాన్ని దించాలంటే నెట్ కావాలి. ఆ కోడ్‌ని పనిచేసే డ్రైవర్‌గా మార్చడానికి, అంటే కంపైల్ చెయ్యడానికి, బిల్డ్ ఎసెన్షియల్ అనే పనిముట్ల మూట కావాలి, దానికీ నెట్ కావాలి. డ్రైవర్ కెర్నల్‌కి అతకాలంటే కెర్నల్ హెడర్స్ అనే ఫైళ్లు కావాలి, అవీ నెట్‌లోనే. పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు, పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు అని మన పెద్దాళ్లు నీ గురించే అన్నట్టున్నారు. అలకపాన్పు ఎక్కిన కొత్త అల్లుడు కూడా వాచీయో బండో అడుగుతాడు గానీ "నేను ఏం తెస్తానన్నానో అదే ముందు మీరు నాకివ్వండి" అనడు.

చివరికి ఫోన్ కేబుల్ తెచ్చి ల్యాప్‌టాప్‌కి గుచ్చి, ఫోన్‌లోని నెట్‌ని వైరులోంచి ఇచ్చే యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేశా. రెండు సెకన్లు. డ్రైవర్ లేదు, సీడీ లేదు, వేషం లేదు, మూలన "వైర్డ్ కనెక్షన్" అని వచ్చేసింది. ఇంకో తమాషా, ఫోన్‌లో డేటా కూడా ఖర్చవలేదు, అది మా ఇంటి వైఫైనే పట్టుకుని వైరులోంచి పంపిస్తోంది. అంటే నువ్వు చెయ్యాల్సిన పని నీకు డ్రైవర్ వెతకడం కోసం ఆ ఫోను చేసిపెడుతోంది, నేను అది చూస్తూ కూడా నీ కోసం కంపైల్ చేస్తూ కూర్చున్నా. నాన్న మంచినీళ్లకి లేచి, "ఏరా, ఆ పుల్ల ఇంకా పనిచెయ్యట్లేదా" అన్నాడు. ఆయన నిన్ను మొదట్నుంచీ పుల్ల అనే అంటాడు.

రెండో రాత్రి ఒంటిగంటన్నరకి వెలిగావు. సిస్టంలో నీ పేరు డబ్ల్యూలాన్ జీరో ఉంటుందనుకుంటే, డబ్ల్యూఎల్ఎక్స్ అని మొదలుపెట్టి నీ గుర్తింపు నంబరైన మ్యాక్ అడ్రస్ పన్నెండు అక్షరాలూ తగిలించుకుని మొత్తం పదిహేను అక్షరాలు, గోత్రనామాలతో సహా సంకల్పం చెప్పినట్టు. (సంతకం లేని డ్రైవర్లని రానివ్వని సెక్యూర్ బూట్ గండం మాత్రం తప్పింది, అది పుట్టకముందు ల్యాప్‌టాప్ కదా, ముసలితనానికీ ఒక లాభం ఉంటుంది.)

మూడు వారాలు బానే ఉన్నావు. తర్వాత కెర్నల్ అప్‌డేట్ వచ్చింది, రీస్టార్ట్ చేశా, పోయావు. ఇందులో తప్పు నాది కూడా, ఒప్పుకుంటా. డీకేఎంఎస్ అనే పనిముట్టుతో వేస్తే కెర్నల్ మారినప్పుడల్లా మాడ్యూల్, అంటే నీ డ్రైవర్, దానంతటదే మళ్లీ కంపైల్ అవుతుంది, నేను నిద్రమత్తులో ఉట్టి మేక్ ఇన్‌స్టాల్ కమాండ్ కొట్టేశా, దాంతో మాడ్యూల్ ఆ పాత కెర్నల్ ఫోల్డర్లోనే ఉండిపోయింది. ఇల్లు మారాం, సామాను పాతింట్లో వదిలేశాం. మళ్లీ మొదట్నుంచీ చేద్దామని వెతుకుతుంటే అప్పుడు తగిలింది అసలు దెబ్బ, 2023 ఫిబ్రవరిలో వచ్చిన 6.2 కెర్నల్ నుంచి నీ డ్రైవర్ కెర్నల్ లోపలే ఉందట! అప్‌డేట్ మేనేజర్లో వ్యూ మెనూలోకి వెళ్లి లైనక్స్ కెర్నల్స్ అన్నది తెరిచి 6.8 ఎంచుకున్నా, ఇన్‌స్టాల్, రీస్టార్ట్, ఊడెవ్ రూల్ నీకు పో అని చెప్పింది, నువ్వు వచ్చేశావు. టీ పెట్టుకున్నంత సేపు కూడా పట్టలేదు. ఆ రెండు రాత్రులూ ఎవడికి చెప్పుకోను? మీ వాళ్లు ఆ పెంగ్విన్ బొమ్మకి పెట్టిన ఇంకులో పావు వంతు పెట్టి "6.2 కెర్నల్ పైన అయితే గుచ్చితే చాలు" అని ఒక్క లైను రాసుంటే నా నిద్ర నాకు మిగిలేది.

ఇప్పుడు పనిచేస్తున్నావు, కాదనను. హాల్లో రౌటర్ ఎదురుగా కూర్చుంటే బ్రహ్మాండం. కానీ నాన్న పేపరు చదివేది బాల్కనీలో, మధ్యలో రెండు గోడలు, అక్కడికి వెళ్లేసరికి నీ గొంతు పడిపోతుంది.

నిన్న పొద్దున లేచి చూస్తే నాన్న బాల్కనీలో హాయిగా ఈపేపరు తిప్పుతున్నాడు. నువ్వు ఎడమవైపు మిణుకుమిణుకుమంటున్నావు, కుడివైపు ఫోన్ వైరు గుచ్చి ఉంది. టెథరింగ్ ఆన్ చెయ్యడం ఆ రెండు రాత్రులూ నా వెనక నిలబడి నేర్చేసుకున్నాడు. "మరి ఈ పుల్ల తీసేయనా నాన్నా" అన్నా.

"ఉండనీరా, లైటు బాగా కొట్టుకుంటోంది" అన్నాడు.

ఇట్లు,
నిన్ను ఎజెక్ట్ కొట్టి మరీ లోపలికి పిలిచినవాడు