ఇస్లాం, క్రైస్తవం: సిలువ దగ్గర విడిపోయే దారులు

క్రీ.శ. 781 ప్రాంతంలో ముస్లిం సామ్రాజ్యాన్ని ఏలుతున్న అబ్బాసీ ఖలీఫా అల్ మహ్దీ, బాగ్దాద్‌లో తూర్పు సంఘమనే క్రైస్తవ శాఖకు పెద్దగా ఉన్న మొదటి తిమోతిని పిలిపించుకుని రెండు రోజులు ప్రశ్నలు వేశాడు. మొదటి ప్రశ్నే సూటిగా ఉంది. ఇంత చదువుకున్నవాడివి, దేవుడు భార్యను కట్టుకుని కొడుకును కన్నాడని ఎలా అంటావు? తిమోతి తడుముకోలేదు. అలా అనడం దైవదూషణేనని ఖలీఫాతో ఏకీభవించాడు. సూర్యుడి నుంచి వెలుగు వచ్చినట్టు తండ్రి నుంచి కుమారుడని, అందులో శరీర సంబంధమేదీ లేదని వివరించాడు.

పన్నెండు వందల ఏళ్లు దాటిపోయాయి. తెలుగులో ఈ రెండు మతాల మీద జరిగే యూట్యూబ్ చర్చలు చాలావరకు ఇంకా ఆ మొదటి ప్రశ్న చుట్టూనే తిరుగుతున్నాయి. ఒకరి గ్రంథంలో మరొకరు తప్పులు వెతుకుతూ గంటలు గడిపేస్తారు. క్రైస్తవుడిగా నాకు ఇది బాధ కలిగిస్తుంది. ఇస్లాం ఏం చెబుతోందో మనం వినడం లేదు, మనం దేని మీద నిలబడ్డామో వాళ్లకు చెప్పడమూ లేదు.

మన సంఘాల్లో చాలామందికి తెలియని సంగతి, ఖురాన్‌లో యేసుకున్న స్థానం. 19వ సూరాకు, అంటే అధ్యాయానికి, యేసు తల్లి మర్యమ్ (మరియ) పేరే పెట్టారు. ఖురాన్ పేరు పెట్టి ప్రస్తావించిన స్త్రీ ఆమె ఒక్కరే. ఆమె కన్యగా గర్భం ధరించిందని, ఈసా (యేసు) మసీహ్ (మెస్సీయ) అని, పుట్టు గుడ్డివారిని, కుష్ఠురోగులను బాగుచేశాడని, దేవుని అనుమతితో చనిపోయినవారిని లేపాడని ఖురాన్ చెబుతుంది. ఆయన మళ్లీ వస్తాడని ముస్లిం సంప్రదాయం ఎదురుచూస్తుంది. యేసు గురించి ఇంతదాకా చెప్పే పెద్ద మతం క్రైస్తవం బయట ఇంకొకటి లేదు.

అయితే సిలువ దగ్గరికి వచ్చేసరికి దారులు వేరైపోతాయి. ఆయన్ని చంపామన్నవారు నిజానికి చంపలేదు, సిలువ వేయలేదు, వారికలా అనిపించేలా చేయడం జరిగిందని 4వ సూరా 157వ ఆయత్ (వాక్యం) అంటుంది. దేవుడు ఆయన్ని తన వద్దకు ఎత్తుకున్నాడని తర్వాతి ఆయత్ చెబుతుంది. దీని వెనుక ఉన్న ఆలోచనను తేలిగ్గా కొట్టిపారేయకూడదు. నూహ్‌ను (నోవహు) ప్రళయం నుంచి, ఇబ్రాహీంను (అబ్రాహాము) అగ్ని నుంచి, మూసాను (మోషే) ఫిరౌను (ఫరో) నుంచి కాపాడిన దేవుడు మసీహ్‌ను శత్రువుల చేతికి వదిలేస్తాడా? ప్రవక్తలను చంపిన జనాల ప్రస్తావన ఖురాన్‌లోనూ ఉంది. అయినా ఈసాకు అంతటి అవమానం జరిగిందంటే దైవభక్తి గల ముస్లిం మనసు ఒప్పుకోదు.

నిజానికి ఈ అభ్యంతరం మొదట వినిపించింది యేసు శిష్యుల నోటనే. ఫిలిప్పు కైసరయ ప్రాంతంలో యేసు తన మరణం గురించి చెప్పగానే పేతురు ఆయన్ని పక్కకు తీసుకెళ్లి, ప్రభువా, అది నీకు దూరమగుగాక అన్నాడు. ప్రేమతోనే అన్నాడు. యేసు మాత్రం ఆయన్ని కఠినంగా గద్దించాడు. మత్తయి 16వ అధ్యాయం చదివినప్పుడల్లా నా ముస్లిం మిత్రుల అభ్యంతరం నాకు మరింత బాగా అర్థమవుతుంది.

సిలువ మరణానికి చరిత్ర ఆధారం గట్టిది. దాదాపు 55లో పౌలు కొరింథు సంఘానికి రాసిన పత్రికలో, తనకు అంతకుముందే అందిన సాక్ష్యంగా క్రీస్తు మరణాన్ని చెప్పాడు. క్రైస్తవుల మీద ఏమాత్రం అభిమానం లేని రోమన్ చరిత్రకారుడు టాసిటస్ కూడా రోమన్ అధిపతి పిలాతు హయాంలో క్రీస్తుకు మరణశిక్ష పడిందని రాశాడు. ఖురాన్ వచ్చింది ఆరు శతాబ్దాల తర్వాత.

కానీ అసలు తేడా దేవుని ఘనత దేనిలో ఉందన్న దగ్గర ఉంది. తన దూతకు అవమానం జరగనివ్వకపోవడం ఆయన ఘనతా? దాసుని రూపం ధరించి, తన్ను తానే రిక్తునిగా చేసుకుని, ఆ అవమానంలోకి తానే దిగడం ఆయన ఘనతా? ఫిలిప్పీ పత్రిక రెండోదే చెబుతుంది.

మనిషికి ఏం కావాలన్న ప్రశ్నకూ ఇక్కడే రెండు జవాబులొస్తాయి. ఖురాన్‌లో ఆదాము తప్పు చేశాడు, పశ్చాత్తాపపడ్డాడు, దేవుడు క్షమించాడు. ఆ దోషం పిల్లలకు సంక్రమించదు. బరువు మోసే ఏ ప్రాణీ మరొకరి బరువు మోయదని ఖురాన్ పలుచోట్ల అంటుంది. అందుకే మనిషికి కావలసింది మార్గదర్శనం, దాన్ని పాటించే విధేయత, దేవుని కరుణ. యెషయా 53వ అధ్యాయం మాత్రం యెహోవా మన అందరి దోషాన్ని అతని మీద, అంటే మేం క్రీస్తుగా చూసే దాసుని మీద, మోపాడంటుంది. దారి తెలిసినా నడవలేని మనిషికి దారి చూపిస్తే చాలదు, మోసేవాడు కావాలి. ఇదే మా రక్షణ. అయితే రక్షణ ఉచితమన్న మాటను అడ్డుపెట్టుకుని ప్రార్థనను ఆదివారానికి కుదించేసిన క్రైస్తవులు, రోజుకు ఐదుసార్లు నమాజుకు నిలబడేవారి ముందు, మండుటెండల్లో రంజాన్ రోజాలుండేవారి ముందు తలవంచాల్సిందే.

ఆ సిలువ గుర్తును బట్టల మీద కుట్టుకుని యూరప్ క్రైస్తవ సైనికులు మొదటి క్రూసేడు (మతయుద్ధం)లో, 1099లో, యెరూషలేములో నరమేధం సాగించారు. ముస్లింలు సిలువను చూసే తీరులో ఆ జ్ఞాపకానికీ పాలుంది. 1219లో, మరో క్రూసేడు నడుస్తుండగానే, ఇటలీకి చెందిన క్రైస్తవ సన్యాసి అసిసీ ఫ్రాన్సిస్ ఆయుధం లేకుండా ఈజిప్టు సుల్తాను అల్ కామిల్ దగ్గరికి వెళ్లి సువార్త చెప్పాడు. సుల్తాను మతం మారలేదు, కానీ విని క్షేమంగా పంపించాడు. మనం నేర్చుకోవలసింది ఫ్రాన్సిస్ దగ్గర.

మేం మీ యేసును గౌరవిస్తాం, మీరు మా ప్రవక్త ముహమ్మద్‌ను ఎందుకు ఒప్పుకోరు అని ముస్లిం మిత్రులు అడుగుతుంటారు. న్యాయమైన ప్రశ్న, దాటవేయకూడదు. అరేబియాను విగ్రహాల నుంచి ఒక్క దేవుని వైపు తిప్పడం, ఆడశిశువులను సజీవంగా పూడ్చే ఆచారాన్ని ఖండించడం, అనాథల హక్కు కోసం నిలబడడం, వీటి గురించి నేను గౌరవంతోనే మాట్లాడతాను. కానీ దేవుడు ఈ దినముల అంతమందు కుమారుని ద్వారా మాట్లాడాడని హెబ్రీ పత్రిక చెబుతోంది. ఆ కుమారుడు సిలువ మీద చనిపోలేదనే సందేశం దేవుని నుంచే వచ్చిందని ఒప్పుకుంటే నా దగ్గర సువార్త మిగలదు. ఆ మాట మిత్రుడి ముఖం చూసి, మర్యాదగా చెప్పాలి. దేవునికి కుమారుడున్నాడని ఒప్పుకుంటే తనకు తౌహీద్ (దేవుడు ఒక్కడేనన్న నమ్మకం) మిగలదని ఆయన చెప్పేటప్పుడు అంతే ఓపిగ్గా వినాలి.