కీస్టోన్ ఎక్స్‌ఎల్ గురించి చెప్పే ఆ మూడు మాటలూ నిలబడవు

కెనడా నుంచి అమెరికాకు రావాల్సిన కీస్టోన్ ఎక్స్‌ఎల్ చమురు పైప్‌లైన్‌ను పర్యావరణం పేరుతో అన్యాయంగా ఆపేశారని ఇప్పటికీ షేర్ చేస్తున్నారు. 42 వేల ఉద్యోగాలు పోయాయట, రైలు కంటే పైపే భద్రమట, ముప్పేమీ లేదని ప్రభుత్వ నివేదికే చెప్పిందట. 2015లో అమెరికా పార్లమెంటు (కాంగ్రెస్) దీనికి ఆమోద బిల్లు పాస్ చేసినప్పుడూ ఇవే మాటలు. ఆ బిల్లును ఒబామా వీటో చేశారు.

ఉద్యోగాల లెక్క అమెరికా విదేశాంగ శాఖ (స్టేట్ డిపార్ట్‌మెంట్) 2014 నివేదికలోదే. కానీ అవి పైపు వేసినన్నాళ్లే. పని పూర్తయ్యాక మిగిలేవి 50 అని అదే నివేదికలో ఉంది. దాన్ని మాత్రం ఎవరూ షేర్ చేయరు.

రైలు భద్రం అని నేనూ అనను. 2013లో కెనడాలోని లాక్ మెగాంటిక్‌లో చమురు రైలు పట్టాలు తప్పి 47 మంది చనిపోయారు. అయితే పైపులో ఏం పోతుందో కూడా చూడాలి. కెనడాలోని ఆల్బర్టా ఇసుక నేలల్లో దొరికే ముడి చమురు, బిటుమెన్, తారులా చిక్కగా ఉంటుంది, పలచటి ద్రావకం కలిపితేగానీ పారదు. 2010 జులైలో మిషిగన్‌లోని మార్షల్ దగ్గర మరో కంపెనీ పైపు పగిలి ఇలాంటి చమురే బయటికొచ్చింది. కంట్రోల్ రూమ్‌లో అలారాలు మోగుతూనే ఉన్నాయి. సిబ్బంది అసలు సంగతి గ్రహించక, ఆపిన పంపులను రెండుసార్లు మళ్లీ నడిపారు. 17 గంటల తర్వాత ఒక గ్యాస్ సంస్థ ఉద్యోగి ఫోన్ చేస్తేగానీ విషయం తెలియలేదు. అప్పటికే 8 లక్షల గ్యాలన్లకు పైగా కారిపోయింది. ద్రావకం గాలిలో కలిసిపోయి, బరువైన బిటుమెన్ కలమజూ నది అడుగుకు దిగింది. నీటిమీద తేలే అడ్డుకట్టలు దాన్నేం చేస్తాయి? 2014 దాకా నది అడుగు తవ్వుతూనే ఉన్నారు.

ఇక నివేదిక. ముప్పు లేదని అందులో లేదు. పైపు ఉన్నా లేకపోయినా ఆ చమురు ఎలాగూ తవ్వుతారు కాబట్టి పెద్ద తేడా ఉండదంది, అంతే. ఆ లెక్క చమురు ధర మీద ఆధారపడింది. ధరలు పడిపోయాయి కాబట్టి మళ్లీ చూడాలని 2015 ఫిబ్రవరిలో పర్యావరణ పరిరక్షణ సంస్థ రాసింది. బిల్లు మాత్రం ఆ పాత నివేదికతోనే చట్టపరమైన పరిశీలన పూర్తయినట్టు భావించాలంది. నాకు అన్నిటికంటే కోపం తెప్పించేది ఇదే.

ఎక్స్‌ఎల్‌ను 2021లో కంపెనీ వదులుకుంది. 2022 డిసెంబరులో అదే కంపెనీ పాత కీస్టోన్ లైను కాన్సాస్‌లో వెల్డింగ్ అతుకు దగ్గర పగిలి, సుమారు 13 వేల బ్యారెళ్లు మిల్ క్రీక్ వాగు దగ్గర కారాయి.