క్రియాపదం దగ్గర తడబడే గొంతు

తెలుగు వాక్యంలో క్రియ చివర వస్తుంది, చాలాసార్లు మనిషి ఆడో మగో అక్కడే తేలిపోతుంది. నాకు తెలిసిన ఒక యువకుడు రెండేళ్లుగా తాను ప్రేమించిన అబ్బాయితో కలిసి ఉంటున్నాడు. తల్లి ఫోన్ చేసి నిన్న వంట ఎవరు చేశారని అడిగితే, ‘చేశాడు’ అనే మాట నోటిదాకా వచ్చాక మింగేసి, ‘ఫ్రెండ్స్ చేశారు’ అంటాడు. ఆ ‘రు’లో ఆడా మగా, ఒకరూ పదిమందీ, అందరూ ఇమిడిపోతారు.

పది నిమిషాల మాటల్లో ఇన్నిసార్లు తనను తాను కాపలా కాసుకునే మనిషికి అలసట రాకుండా ఎలా ఉంటుంది? స్వలింగ, ద్విలింగ ప్రేమ గల (ఎల్‌జీబీ) వ్యక్తుల్లో కుంగుబాటు, ఆందోళన ఇతరులకంటే ఎక్కువగా కనిపించడానికి వారి లైంగికత కారణం కాదనీ, వివక్ష, దాపరికం, ఎప్పుడు ఎవరు ఏమంటారోనన్న నిరంతర భయం కారణమనీ మనస్తత్వ పరిశోధకుడు ఇలాన్ మేయర్ 2003లో వివరించారు. దీన్ని ‘మైనారిటీ స్ట్రెస్’ అంటారు. ‘మేమేమీ అనలేదే’ అనే తల్లిదండ్రులు గమనించవలసినది ఇదే: అనబోతారన్న భయం కూడా మనిషిని తినేస్తుంది.

స్వలింగ ప్రేమను అమెరికా మానసిక వైద్యుల సంఘం 1973లో, ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లో వ్యాధుల జాబితా నుంచి తొలగించాయి. అయినా విషయం తెలిసిన మరునాడే బిడ్డను ‘మార్చే’ డాక్టర్ కోసం వెతికే ఇళ్లు ఉన్నాయి. కన్వర్షన్ థెరపీ పేరిట జరిగే ఆ ప్రయత్నాలు ఎవరినీ మార్చవు సరికదా, ఉన్న కుంగుబాటును మరింత పెంచుతాయి. బిడ్డకు నిద్ర పట్టకపోయినా, బతుకు మీద విరక్తి కలిగినా కౌన్సెలర్ దగ్గరకు వెళ్లవలసిందే. అయితే లైంగికతను మార్చడానికి మీరు ప్రయత్నిస్తారా అని మొదటి ఫోన్‌లోనే అడగాలి. అవునన్నా, నీళ్లు నమిలినా, మరొకరిని చూసుకోవడం మేలు.

ఇంటి ప్రభావం ఎంతటిదో కెయిట్లిన్ రయన్ బృందం 2009లో అమెరికాలో ప్రచురించిన అధ్యయనం చూపింది: కుటుంబ తిరస్కారాన్ని తీవ్రంగా ఎదుర్కొన్నామని చెప్పిన యువతీయువకుల్లో ఆత్మహత్యా ప్రయత్నం చేసినవారు, అలాంటి తిరస్కారం లేనివారితో లేదా స్వల్పంగా ఉన్నవారితో పోలిస్తే 8 రెట్లకు పైగా ఉన్నారు. తిరస్కారమంటే ఇంట్లోంచి గెంటేయడమే కానక్కరలేదు. ‘చెప్పావుగా, ఇక ఆ మాట ఎత్తకు’ అనడం, బిడ్డ భాగస్వామి పేరు పలకకపోవడం, ట్రాన్స్‌జెండర్ బిడ్డ ఎంచుకున్న పేరు తెలిసి కూడా పాత పేరుతోనే పిలవడం, ఇవన్నీ తిరస్కారాలే. వీటన్నిటికన్నా ‘నలుగురికీ తెలియనివ్వకు’ అన్నదే బరువైనదని నా అభిప్రాయం, ఎందుకంటే అది బిడ్డ దించుకున్న దాపరికాన్ని తిరిగి బిడ్డ నెత్తికే ఎత్తుతుంది.

తల్లిదండ్రులకూ దిగులు ఉంటుంది, కోపం ఉంటుంది, సమయం పడుతుంది. అదంతా మరో పెద్ద మనిషితోనో కౌన్సెలర్‌తోనో చెప్పుకోవచ్చు, బిడ్డ చేతే ఓదార్పు చెప్పించుకోనక్కరలేదు.

ఆ యువకుడు చివరకు తల్లికి నిజం చెప్పాడు. ఆమె మూడు వారాలు ఫోన్ చేయలేదు. నాలుగో వారం చేసి, వాతావరణం గురించీ తన మోకాళ్ల నొప్పి గురించీ చాలాసేపు మాట్లాడి, పెట్టేసేముందు ఒక్క మాట అడిగింది: ‘ఆ అబ్బాయి తిన్నాడా?’