పేరు సరిగా లేని పుస్తకాలు

నా ఈ-రీడర్‌లో ఆరువందలకు పైగా పుస్తకాలున్నాయి. వాటిలో కావలసినదాన్ని వెతకడానికే, చదవడానికి దొరికిన కాస్త సమయమూ ఖర్చయిపోతోంది. ఒకే రచయిత పేరు ఒక పుస్తకంలో ఇంటిపేరుతో, మరొకదానిలో పొడి అక్షరాలతో, ఇంకొకదానిలో ఇంగ్లీషు లిపిలో ఉండటం వల్ల, పరికరం ఆ ఒక్క మనిషినీ ముగ్గురిగా లెక్కించి మూడు చోట్ల చూపిస్తుంది. సంపుటాల సంగతి మరీ ఘోరం: అంకెలను అక్షరాలుగా చదివి, ఒకటో భాగం పక్కనే పదో భాగాన్ని పెడుతుంది.

ఈ-పుస్తకాలు వచ్చే రూపాల్లో ఒకటైన ఈపబ్ ఫైలు నిజానికి ఒక జిప్ మూట, అంటే చాలా ఫైళ్లను కుదించి కట్టినది. అందులోని ఓపీఎఫ్ ఫైలులో శీర్షిక, రచయిత, భాష వంటి వివరాలుంటాయి. రచయిత పేరు అకారాది క్రమంలో ఎక్కడ చేరాలో చెప్పే ఏర్పాటు 2007 నాటి ప్రమాణంలోనే ఉంది. డబ్బు తీసుకుని పుస్తకం అమ్మేవారు ఆ ఒక్క వరుస కూడా సరిగా నింపకపోవడం పాఠకుణ్ణి అవమానించడమేనని నా అభిప్రాయం.

చివరికి ఈ-పుస్తకాలను సర్దుకునే కాలిబర్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఒక్కొక్క పుస్తకాన్నీ తెరిచి, పేర్లు దిద్ది, భాగాల సంఖ్యలు చేర్చి, రెండు వారాల సాయంత్రాలు వెచ్చించి అన్నింటినీ పరికరంలోకి ఎక్కించాను. విషయాలవారీగా వర్గాలు కూడా చేసుకున్నాను. మొన్న రాత్రి పరికరం తనంతట తానే అప్‌డేట్ అయింది. తెల్లవారి చూస్తే పుస్తకాలన్నీ ఉన్నాయి, వర్గాలు మాత్రం ఒక్కటీ మిగలలేదు.